తలుపు మూలన గొడుగు

నా చిన్నప్పుడు ఒక ఆదివారం మధ్యాహ్నం, పక్కింటి అక్క రాసిన దయ్యం కథను పదిమంది ముందు కావాలనే తప్పు చదివాను. నోరు జారిందని చాలా ఏళ్ళు అందరితో చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం.

మాది తమిళనాడు సరిహద్దులోని హోసూరు. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. మా వీధి ఆడవాళ్ళు ఆదివారాల్లో మా పెద్దమ్మ వసారాలో చేరి చింతపండు కొట్టేవాళ్ళు. పండును రాతిమీద పెట్టి చిన్న సుత్తితో కొట్టి గింజ తీసే పని అది. ఆ చప్పుళ్ళ మధ్యనే ఒకరు తమిళ వారపత్రికలోని కథ గట్టిగా చదివితే, తక్కినవాళ్ళు వింటూ తెలుగులో అత్తను తిట్టి, కోడలికి సలహా చెప్పేవాళ్ళు. వాళ్ళలో సగం మందికి అక్షరం రాదు. అయినా అంత శ్రద్ధగా కథను పట్టించుకునే పాఠకులను నేను మళ్ళీ చూడలేదు.

పక్కింటి అక్క ఆ వీధికి పెళ్ళై వచ్చిన మనిషి. దయ్యం కథలు రాసేది. తెలుగు లిపి రాదు కనుక తెలుగు మాటలనే తమిళ అక్షరాలతో రాసేది. తన కథ ఒకటి వసారాలో చదివిస్తానని అడిగితే పెద్దమ్మ ఒప్పుకోలేదు.

“రాస్తే ఇంటి సంగతులు రాయరాదా అమ్మా? ఆడదానికి దయ్యాలెందుకు?”

“ఇంటి సంగతులే పెద్దమ్మా. దయ్యాలు మాత్రం యాడుంటాయి? ఇంట్లోనే గదా.”

అందరూ నవ్వారు. పెద్దమ్మ కాస్త మెత్తబడింది. “సరే, ఒక కథ వింటాము. బాగుంటే ప్రతి వారమూ నీ కథే. లేకుంటే మాకు పత్రిక చాలు, మళ్ళా అడగొద్దు” అంది.

చదవడానికి అక్క నన్ను పిలిచింది. తానే చదవొచ్చు కదా అంటే, “నేను చదివితే కాగితమే చూడాల. వాళ్ళ చేతులు ఎప్పుడు ఆగతాయో నాకు చూడాల్నురా” అంది. ముందు రోజు నన్ను కూర్చోబెట్టి కథంతా చదివించింది. తమిళంలో క, గ రెండిటికీ ఒకటే అక్షరం. కొడుకు అని రాసినా గొడుగు అని రాసినా కంటికి ఒకేలా కనిపిస్తుంది. ఆ మాట వచ్చే చోట వేలు పెట్టి, “ఈడ కొడుకురా. గొడుగు అనేవు, జాగ్రత్త” అని పదే పదే పలికించింది.

ఆదివారం వసారాలో కాగితాలు పట్టుకుని కూర్చున్నాను. గేటు బయట బ్యాటు పట్టుకుని నా స్నేహితులు నిలబడ్డారు. “ఏమప్పా, నువ్వు కూడా చింతపండు కొడతావా?” అని ఒకడు అరిచాడు. నాకు తల కొట్టేసినట్టయింది. కథ చెడగొడితే పంపేస్తారనిపించింది. ఆ కథ అక్కకు ఎంత ముఖ్యమో తెలిసే ఆ పని చేశాను.

కథలో పిల్లవాడొకడు వానలో కెలవరపల్లి డ్యామ్ నీళ్ళు చూడడానికి పోతాడు. పొద్దు గుంకినా రాడు. తల్లి ఎదురుచూసి ఎదురుచూసి లోపలికి తిరుగుతుంది. అప్పుడు తలుపు మూలన, తడిసి నీళ్ళు కారుతూ నిలబడిన కొడుకు కనిపించాలి. నేను గొంతు పెంచి, “తలుపు మూలన తడిసి నిలబడిన గొడుగు” అని చదివాను.

వసారా గొల్లుమంది. “వానకు గొడుగు తడవక ఇంకేం తడుస్తుందప్పా” అని ఒకావిడ. పెద్దమ్మ కళ్ళు తుడుచుకుంటూ, “బాగా బయపెట్టినావమ్మా” అంది. గేటు బయట మావాళ్ళు ఈల వేశారు. నేను లేవబోయాను.

అక్క ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. నవ్వులు తగ్గేదాకా ఆగి, నింపాదిగా మొదలుపెట్టింది.

“వాళ్ళమ్మ కూడా గొడుగే అనుకునింది. దీపం పెట్టలేదు గదా, సరిగ్గా కనపడలేదు. మూసి పక్కన పెడదామని చెయ్యి చాచింది. పిడి దొరికింది. చల్లగా, మెత్తగా ఉండాది. తర్వాత ఆ పిడే ఆమె చేతిని పట్టుకునింది.”

సుత్తులన్నీ ఆగిపోయాయి. పైకెత్తినవి ఎత్తినట్టే ఉన్నాయి. గేటు బయట ఈల వేసినవాడు లోపలికి వచ్చి వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు. అక్క చివరిదాకా కాగితం లేకుండానే చెప్పింది. ఒక్క చింతగింజ కూడా కదలలేదు.

పెద్దమ్మ సుత్తి కింద పెట్టింది. “మా నడింట్లో తలుపు మూలన గొడుగుండాది. ఎవురన్నా పోయి దాన్ని బయట పెట్టండమ్మా. నేను పోను.” ఆ తర్వాత అక్కవైపు తిరిగి, “వచ్చే వారం కూడా రా. ఇంకా గట్టిగా బయపెట్టు” అంది.

పట్టపగలు, అంత మందిలో, ఆ ఇంట్లోకి పోవడానికి ఎవరూ లేవలేదు. అక్క నవ్వు ఆ రోజు చూడాలి.

అప్పటి నుంచి ఆ వసారాలో మా మాటలో రాసిన కథలే చదివారు. నా తప్పే ఆ కథకు మేలు చేసిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. తప్పు నాది, దాన్ని తిప్పుకున్న తెలివి ఆమెది.

పెద్దయ్యాక నేను ఫ్యాక్టరీలో పనికి చేరాను. చిత్తూరు నుంచి వచ్చిన తోటి పనివాడి దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. వెళ్ళి అక్కతో, “నీ కథలన్నీ తెలుగు లిపిలో ఎత్తి రాస్తాను” అన్నాను. ఆ రోజు కావాలనే తప్పు చదివానని కూడా అప్పుడే చెప్పాను.

“తెలుసులేరా. అన్ని తూర్లు పలికించినాను గదా” అంది, అంతే.

ఏళ్ళ తరబడి ఆమె పక్కన కూర్చుని, అనుమానం వచ్చిన ప్రతి అక్షరాన్నీ ఆమెనే అడిగి రాశాను. ఆ కథలు ఇప్పుడు పుస్తకం. ఆంధ్ర నుంచి, తెలంగాణ నుంచి హోసూరుకు పనికి వచ్చిన అమ్మాయిలు ఆదివారం ఒక గదిలో చేరి దాన్ని చదువుతారు. వాళ్ళలో కొందరు తామే రాస్తున్నారు. హాస్టలు గదుల దయ్యాలు, షిఫ్టు బస్సులోంచి దిగని మనుషులు. అక్క ముందు వరుసలో కూర్చుని వింటుంది.

పోయిన వారం కర్నూలు అమ్మాయి ఒకామె తన మొదటి కథ తెచ్చి, మీరు చదవండి సార్ అని ఇచ్చింది. ముందు నువ్వు నాకు చదివి వినిపించమ్మా అన్నాను. మెట్ల మీద కూర్చుని, ఆమె పలికినట్టే ప్రతి మాటా నా నోట పలికేదాకా విన్నాను. తర్వాత లోపలికి పోయి, ఒక్క అక్షరం మార్చకుండా చదివాను.