ఎర్రకోటు పై గుండీ

ఇన్నేళ్ళుగా గుండెల మీద ఒక బరువు మోస్తున్నాను. పేరు చెప్పను. క్షమించమనీ అడగను. మీరెవరో నాకు తెలియదు, ఆ ధైర్యంతోనే చెబుతున్నాను. వినండి చాలు.

నేను పరాయి దేశంలో ఎమర్జెన్సీ డాక్టర్ని, ఓక్‌విల్‌లో ఉంటాను. వారమంతా గుండెపోట్లు, యాక్సిడెంట్లు. వేసవి సెలవురోజుల్లో మాత్రం వీధుల్లో వాయిస్తూ నడిచే పిల్లల మార్చింగ్ బ్యాండ్ వెంట ఐసూ నీళ్ళూ పట్టుకుని తిరిగేదాన్ని. చిన్నప్పుడు బడిలో డ్రమ్ వాయించిన పిచ్చి వదల్లేదు. పైసా తీసుకోకుండా సేవ చేస్తున్నానని కాస్త గర్వం ఉండేది. కాస్తేమిటి, బోలెడంత.

ఆ బ్యాండులో ఒక కట్టుబాటు. ఒకరు యూనిఫాం కోటు విప్పితే అందరూ విప్పాలి, వరసలో ఎవరూ వేరుగా కనిపించకూడదు. ఎండ మించిందనుకుంటే అందరి కోట్లూ విప్పించే అధికారం డాక్టరుది. అంటే నాది.

ఆ రోజు పక్క ఊరు బ్రాంప్టన్‌లో పోటీ. ఒకటే ఉక్కపోత. ఎర్ర ఉన్నికోట్లలో పిల్లలు ఉడికిపోతున్నారు. కోట్లు విప్పిస్తే మార్కులు పోతాయి. వాయించేది పిల్లలు, గెలవాలన్న యావ నాకు. ఎందుకంత యావ?

బయల్దేరబోతుండగా ఒక పిల్ల నా దగ్గరికి వచ్చింది. మేఘన అందాం. నా స్నేహితురాలి కూతురు, పదహారేళ్ళది, పెద్ద డ్రమ్ వాయించేది.

"ఆంటీ, ఐ ఫీల్ వియర్డ్. తల తిరుగుతోంది. చలేస్తోంది కూడా. కోట్ తీసేయొచ్చా?"

"టెన్షన్‌లే అమ్మా. నీ ఒక్కదాని కోసం అందరివీ తీయించాలి. ఈ ఒక్క రౌండూ ఓర్చుకో, మా బంగారం కదూ!"

"ఓకే, ఆంటీ."

మండుటెండలో, అంత ఉన్నికోటులో చలేసిందంటే ఒళ్ళు అదుపు తప్పుతోందని అర్థం కావచ్చు. నిన్నగాక మొన్న చేరిన నర్సుకైనా అనుమానం వస్తుంది. నాకు రాలేదా? వచ్చింది. వచ్చినా, ఊడివున్న ఆమె కోటు పై గుండీని నా చేత్తో పెట్టి పంపాను.

వీధి మలుపులో పడిపోయింది. పరుగెత్తాను. కోటు చింపి, ఐసు కుమ్మరించి, అంబులెన్సు వచ్చేదాకా ప్రాణం నిలబెట్టాను. ఆసుపత్రిలో వాళ్ళమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ముందుగా నీకేమైనా చెప్పిందా అని అడిగింది. లేదన్నాను. ఆ మాట నోరు జారి వచ్చిందని చెప్పుకోవాలని ఉంది, కానీ లైసెన్సు పోతుందన్న భయంతో ఒక క్షణం ఆలోచించుకునే అన్నాను. తర్వాత, మేఘనకి ఆ మధ్యాహ్నం ఏదీ గుర్తులేదని తెలిసినప్పుడు, ఛీ, నాకు హాయిగా ఊపిరాడింది.

పిల్ల బతికింది. ఎడమచేతిలో వణుకు మిగిలింది. డ్రమ్ మానేసింది. "నోరు లేదా నీకు, చెప్పొద్దూ?" అని వాళ్ళ నాన్న ఇప్పటికీ సాధిస్తూనే ఉంటాడు. నాకేమో ఆ ఇంట్లో దేవత మర్యాదలు. కొసరి కొసరి వడ్డిస్తారు. తలొంచుకుని తింటాను.

ఏటా వేసవిలో బ్యాండు పిల్లలకి ఎండదెబ్బ గురించి క్లాసు చెబుతాను. మేఘన ఎవరూ పిలవకుండానే వస్తుంది. వణికే చెయ్యి జేబులో దాచుకుని నా పక్కన నిలబడుతుంది. నాలా చేయకండి, నేను ఎవరికీ చెప్పలేదు, తప్పు నాదే అని ఆ పిల్లలకి ఇంగ్లీషులో చెబుతుంది. నేను తలూపుతాను. అవును, తలూపుతాను.

మొన్న క్లాసయ్యాక కారెక్కబోతూ ఆగింది. ఆ రోజు తనకి చలేసినట్టు ఈ మధ్య లీలగా అనిపిస్తోందట. ఎండలో అలా ఉంటుందా ఆంటీ అని అడిగింది. ఉంటుందన్నాను. అప్పట్నుంచి ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నాను. ఆమె పేరు కనిపిస్తే ఎత్తడం లేదు. చలి గుర్తొచ్చింది, ఇక ఎవరితో చెప్పిందో గుర్తురాదా? నా వేళ్ళు ఆమె మెడ దగ్గర గుండీ పెట్టడం గుర్తురాదా? ఇప్పుడు నా భయం లైసెన్సు గురించి కాదు. గుర్తొచ్చాక ఆ పిల్ల నన్ను చూడబోయే చూపు గురించి.

ఆమె ఎదుట నోరు విప్పే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారైనా, ఎవరో ఒకరితోనైనా ఈ మాట అనాలి.

మేఘన చెప్పింది. నాకే చెప్పింది.