చూసి కూడా చూడలేదన్న పక్షి

నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో నాకు గుర్తుంటుంది. పెళ్ళి పంక్తిలో నా ఆకు దాటేసి పక్కవాడికి వడ్డించిన మనిషి ముఖం కూడా గుర్తే. అలాంటి నేను, నా నోటి నుంచి వచ్చిన ఒక్క మాటను మరిచిపోవాలని ఏళ్ళుగా చూస్తున్నాను. కుదరడం లేదు. ఊరికే వినండి, చాలు.

ఆదివారం ఉదయాల్లో మేం కొందరం ఎన్నూరులో సముద్రపు పాయ గట్టున చేరి పక్షులను లెక్కపెడతాం. ఏ పక్షి, ఎన్ని, ఎక్కడ అన్నది ఫోన్‌లో అందరూ చూసేలా ఎక్కిస్తాం. నేను తొండియార్‌పేట నుంచి వెళ్తాను. తిరువొత్తియూరు నుంచి వసంత వస్తుంది. ఇంట్లో పిల్లలకు ట్యూషన్లు చెబుతుంది. బురద మీద పరుగెత్తే చిన్న పిట్టలన్నీ నాకు ఒకటే. ఆమె నడక చూసి వేరు చేస్తుంది. తెలియకపోతే ‘తెలియలేదు’ అని రాస్తుంది, సిగ్గుపడదు. నాకు చేతకానిది అదే.

ఒకసారి దూరంగా గుంజ మీద గద్ద ఉందని నేను చూపించాను. ఆమె బైనాక్యులర్ పెట్టి చూసి పకపకా నవ్వింది. “దానికి రెక్కల్లేవన్నా, చెవులుండాయి. జవుళి కొట్టు కవరు!” ఆ రోజు నుంచి గ్రూపులో నేను ‘కవర్ సార్’నయ్యాను. అందరి ముందూ అనడం తప్పని ఇప్పటికీ అంటాను. చెవిలో చెప్పి ఉండొచ్చు కదా?

ఆ తర్వాతి చలికాలంలో ఒక ఉదయం. మిగతావాళ్ళు టీ కొట్టు దగ్గర ఉన్నారు. గట్టు మీద మేమిద్దరమే. థర్మల్ కరెంటు కేంద్రం చిమ్నీల వైపు బురదలో ఒక పక్షి దిగింది. వసంత ఊపిరి బిగపట్టింది. మా లెక్కల్లో అప్పటిదాకా లేని, పీతలు తినే క్రాబ్ ప్లోవర్. ఆమె చెంగు జారిపోతున్నా పట్టించుకోకుండా అందరినీ పిలుస్తూ పరుగెత్తింది. వాళ్ళు వచ్చేసరికి పక్షి లేదు.

మాకొక పద్ధతి ఉంది. అరుదైన పక్షికి ఫోటో కావాలి. అది లేకపోతే, పక్కన నిలబడి చూసిన ఇంకొకరి మాట కావాలి. గ్రూపు నడిపే ప్రసాద్ గారు నన్నడిగారు. “ఏమండీ, మీరూ చూశారా?”

“తెల్లగా ఏదో ఎగిరింది. ఏందో నాకు తెలియలా.”

“ముక్కు చూస్తిరి గదన్నా? లావుగా, నల్లగా. ఈడనే గదా నిలబడుంటిరి!” అంది వసంత.

“చూడందాన్ని చూశానని ఎట్లా చెప్పేదమ్మా? అదీ కవరేమో!”

ఎవరూ నవ్వలేదు. ఆమె నా ముఖంలోకి చూసింది. కోపంతో కాదు. నేను అబద్ధం చెబుతానని ఆమెకు తోచనే లేదు. “అట్లనా అన్నా... అయితే వద్దులెండి, రాయొద్దు” అంది.

నేను కోరుకున్నది అంతవరకే. ఒక్క పక్షి. ఒక్క ఉదయం చిన్నబుచ్చుకోవడం. కానీ ఆ వారమే ఆమె గ్రూపులో ఒక మాట పెట్టింది: “నా కంటి మీద నాకే నమ్మకం పోయింది. ఫోటో లేని పాత లెక్కలన్నీ తీసేస్తా ఉండాను.” తీసేసింది కూడా. ఆ బురద మేటల్లో సగం థర్మల్ బూడిదతో నిండకముందు అక్కడ ఏ పక్షులు వాలేవో చెప్పడానికి మాకున్న ఆధారం ఎక్కువగా ఆమె రాసినవే. ప్రసాద్ గారు వద్దన్నారు. తప్పు ఉండే వీలున్నదాన్ని నిజమని ఎట్లా ఉంచేది అని ఆమె వినలేదు. ఆ కవరు గద్ద కాదని ఒప్పుకోవడానికే నాకు రెండు ఆదివారాలు పట్టింది. అంత నిజాయితీ ఉన్న మనిషిని ఎక్కడ పొడిస్తే కూలుతుందో తెలియకుండానే సరిగ్గా అక్కడే పొడిచానా? లేక తెలిసేనా?

ఆమె రావడం మానలేదు. ఇప్పుడు పక్షి కనబడితే పేరు తను ముందు చెప్పదు. “మీకేమనిపిస్తా ఉండాదన్నా?” అని నన్నడుగుతుంది. నన్ను! ఆ మాట విన్న ప్రతిసారీ నిజం నాలుక చివరిదాకా వస్తుంది. చెబితే ‘పోనీలెండన్నా’ అనేస్తుందేమో. అవమానమైతే దాచుకోగలను. ఆ మన్నింపును ఎక్కడ పెట్టుకోవాలి? అందుకే ఆమెకు చెప్పలేక మీకు చెబుతున్నాను. ఇది పిరికితనమే.

అయినా, ఆ రోజు అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడైనా ఉండాలి. అది క్రాబ్ ప్లోవరే. తెల్లటి ఒళ్ళు, వీపున నలుపు, పొడుగాటి బూడిదరంగు కాళ్ళు, లావాటి నల్ల ముక్కు. ఆమె అందరినీ పిలవడానికి వెనక్కి తిరిగిన క్షణంలో అది లేచింది. ముక్కున ఒక పీత ఉంది. పీత కాళ్ళు ఇంకా ఆడుతున్నాయి. అది వసంత చూడలేదు. నేను చూశాను.