కేసు పెట్టమని బతిమాలాను

పాల్వంచలో నాకు ఫొటో స్టూడియో ఉండేది. తోటి ఫొటోగ్రాఫర్లంతా కెమెరాలకు ఇన్సూరెన్సు చేయించుకుంటుంటే, నేను మాత్రం నా వల్ల ఇంకొకరికి దెబ్బ తగిలితే కంపెనీ భరించే పాలసీ తీసుకున్నాను. పెళ్లిళ్లలో జనం కాళ్ల మధ్య లైటు వైర్లు చూస్తే నాకెప్పుడూ గుండె దడే. "నీ పిచ్చి గానీ, ఫొటో తీస్తే ఎవలన్న చస్తరా?" అని వాళ్లు ఎగతాళి చేశారు.

ఆ వేసవిలో భద్రాచలం దారిలో, అడవి పక్క ఊళ్లో ఒక పెళ్లి. పెళ్లికూతురి నాయనమ్మ అక్షింతలు వేయడానికి వస్తూ నా లైటు వైరు కాలికి తట్టుకుని పడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ చేస్తే నడుస్తుందని ఖమ్మం దవాఖానాలో చెప్పారు. అంత స్తోమత వాళ్లకూ లేదు, నాకూ లేదు. పాలసీ ఉంది కదా అని ధైర్యంగా ఏజెంటు దగ్గరికి పోయాను.

"ఆమె మీ మీద కేసు పెట్టాలె సార్. తప్పు మీదని తేలితేనే కంపెనీ ఇస్తది," అన్నాడు టీ ఊదుకుంటూ.

ఊరికి పోయి, మంచంలో ఉన్న ముసలమ్మ ముందు కూర్చుని, నా మీద కేసు పెట్టమని బతిమాలాను. ఇచ్చేది కంపెనీయే, నాకేమీ కాదని చెప్పాను. ఆమె కొడుకు మొహం మాడ్చుకున్నాడు.

"ఏంది సార్ గీ మాట? మా ఇంటి పెండ్లిల బువ్వ తిన్న మనిషి మీద కేసు పెడ్తమా? ఊరు మా మొఖాన ఉమ్మదా?"

"నేనే చూస్కోక పడ్డ బిడ్డా. నువ్వు రంది పడకు," అంది ముసలమ్మ. నన్ను ఓదార్చింది!

నాకు ఒళ్లు మండింది. ఏజెంటు మీద, వాళ్ల మంచితనం మీద కూడా. మళ్లీ మళ్లీ తిరిగాను. చివరికి నేను వస్తున్నానంటేనే కొడుకు ఇంట్లో ఉండటం మానేశాడు. నాటు వైద్యుడు వెదురు బద్దలు కట్టాడు. ఆ కాలు మళ్లీ నేలకు ఆనలేదు.

దసరా ముందు ఆమే కబురు పంపింది.

"నేను పోయినంక గోడకు పెట్టేటందుకు ఒక ఫొటో తియ్ బిడ్డా. పండుకున్నది వద్దు, నిలబడ్డది గావాలె."

ఇద్దరు మనవలు చెరో రెక్క పట్టి లేపారు. ఆమె నొప్పికి పళ్లు బిగబట్టి కెమెరా వైపు చూసింది. స్టూడియోకి వచ్చి, పట్టుకున్న ఆ చేతులను కంప్యూటర్‌లో చెరిపేసి, ఫ్రేము కట్టించి ఇచ్చాను.

ఆ ఫొటోకు దండ వేసిన రోజు కూడా ఆ ఇంట్లో నాకు బువ్వ పెట్టారు.