సీనియర్ డేకి ఫ్రీమాంట్ నుంచి

శనివారం ఉదయం ఏడూ నలభైకి ఫ్రీమాంట్‌లో రైలెక్కాను. అరవై మూడేళ్ళ వయసులో అమెరికన్ ఫుట్‌బాల్ చూడడానికి బయలుదేరడం నా సొంత తెలివి కాదు. మా పక్కింటి పద్మ, ఆమె భర్త వీసా స్టాంపింగ్‌కని హైదరాబాద్ వెళ్ళి, అపాయింట్‌మెంట్ వాయిదా పడి అక్కడే ఇరుక్కుపోయారు. వాళ్ళబ్బాయి నిఖిల్ ఆడే కాలేజీ టీమ్‌కి ఆ రోజే ఆఖరి మ్యాచ్. ఈ సీజన్‌లో తొమ్మిది ఆడారు, తొమ్మిదీ ఓడారు.

“గెలుపూ ఓటమీ కాదక్కా, వాడి ఆఖరి ఆట. వీడియో కాల్‌లో అయినా చూపించండి,” అని పద్మ బతిమాలింది.

నిఖిల్ కూడా ఫోన్ చేశాడు. “ఆంటీ, సాటర్‌డే మా సీనియర్ డే. నువ్వు రావాలి.” ‘మీరు’ అనడం వాడికి ఇంకా రాలేదు. సీనియర్ డే అంటే నాలాంటి పెద్దవాళ్ళకి చేసే మర్యాద అనుకున్నాను. మంచి కుర్చీ అయినా వేస్తారులే అని శాలువా, బీపీ మాత్రలు, పులిహోర డబ్బా సర్దుకున్నాను.

ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కిటికీ పట్టుకోండి. రిచ్‌మండ్ దాటాక రైలు చాలాసేపు నీళ్ళ పక్కనే పోతుంది. ఎదుటి సీట్లో వరంగల్ నుంచి ఎమ్మెస్ చేయడానికి వచ్చిన కుర్రాడు కూర్చున్నాడు. పులిహోర పెడితే మొహమాటపడకుండా తిన్నాడు.

“పేరుకే ఫుట్‌బాల్ ఆంటీ. అందరు చేతులతోటే ఆడ్తరు. కాలుతోటి తన్నేటోడు ఒక్కడే ఉంటడు,” అన్నాడు.

“ఆ ఒక్కడే మావాడు,” అన్నాను గర్వంగా.

పదింటికి శాక్రమెంటో చేరాను. అక్కడ బస్సు పట్టుకుంటే పదకొండున్నరకి ఆ చిన్న ఊళ్ళో స్టేడియం ముందు దింపింది. గేటు దగ్గర జాబితా పట్టుకున్న అమ్మాయి, “సీనియర్ పేరు?” అని ఇంగ్లీషులో అడిగింది. నా పేరు చెప్పాను. జాబితా అంతా వెతికి, “మీరు ఎవరితో నడుస్తారు?” అంది. నాకు ఒళ్ళు మండింది.

“ఎవరూ అక్కర్లేదు. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి,” అన్నాను.

ఇంతలో భుజాలకి కవచాలు కట్టుకుని నిఖిల్ పరిగెత్తుకొచ్చాడు. సంగతి విని పడీపడీ నవ్వాడు. “ఆంటీ, సీనియర్ నేను! ఫోర్త్ ఇయర్. గేమ్ ముందు ఫ్యామిలీతో ఫీల్డ్‌లోకి వాక్ చేస్తాం. అమ్మా నాన్నా లేరు కదా, నీ పేరు ఇచ్చాను.”

ముందు సిగ్గేసింది, తర్వాత శాలువా సరిచేసుకున్నాను. వీడి బంతి తగిలి నా కరివేపాకు కుండీలు మూడు పగిలాయి. ప్రతిసారీ వీధి వినేలా తిట్టాను.

పన్నెండున్నరకి పద్మకి వీడియో కాల్ కలిపాను. హైదరాబాద్‌లో వాళ్ళు నిద్ర మానుకుని కూర్చున్నారు. ఫోన్ రెండు చేతులతో ఎదురుగా పట్టుకుని, నిఖిల్ పక్కన పచ్చికలోకి నడిచాను. ఎండకి తెర మీద ఏమీ కనబడలేదు. ఫోన్‌లోంచి ఏవో కేకలు వినిపించాయి కానీ బ్యాండ్ మోతలో ఒక్క ముక్క అర్థం కాలేదు. సంతోషం పట్టలేక అరుస్తున్నారనుకున్నాను.

కాల్ కట్ చేయకుండా, ఫోన్ అలాగే పట్టుకుని బెంచీ మీద కూర్చుని ఆట చూశాను. ఆఖరి నిమిషాల్లో నిఖిల్‌ని పిలిచారు. వాడు తన్నిన బంతి రెండు స్తంభాల మధ్యనుంచి దూసుకుపోయింది, మూడు పాయింట్లు వచ్చాయి. అయినా పదో ఆట కూడా ఓడారు. ఓడినవాళ్ళు అంత సంతోషంగా ఒకరినొకరు వాటేసుకోవడం నేనెక్కడా చూడలేదు.

తిరుగు రైలు ఐదూ నలభైకి. ఈసారి కుడివైపు కూర్చున్నాను, కానీ బయట చీకటి పడిపోయింది. ఇంతలో పద్మ ఫోన్ చేసింది, అక్కడ తెల్లవారింది.

“అక్కా, కెమెరా తిప్పండి, తిప్పండి అని ఎంత అరిచామో! మీరు తిప్పనే లేదు. మొత్తం మీ మొహమే కనబడింది.”

ఇంత దూరం వచ్చింది వాళ్ళకి ఆట చూపించడానికే కదా. “క్షమించు పద్మా, వాడి ఆఖరి ఆట మీకు దక్కకుండా చేశాను,” అన్నాను.

“అలా అనకండక్కా. వాడి పక్కన నడుస్తూ మీరు ఏడ్చారు. వాడు తన్నబోయే ముందు ఊపిరి బిగపట్టారు. తర్వాత శాలువా విసిరేసి ఎగిరారు. మాకంతా కనబడింది. మా ఆయన రికార్డ్ చేసుకుని అప్పట్నుంచీ అదే చూస్తున్నారు.”