పరుపులో ఎర్రపురుగులు

బూరుగుకాయలు పగిలి దూది ఎగరడం ఎక్కడ చూసినా చిన్నతల్లికి అత్త దాలమ్మే గుర్తొస్తుంది.

పంతొమ్మిదివందల అరవై ఎనిమిది వేసవిలో ఆమె నెల్లిమర్ల దగ్గరి పల్లెకు కాపరానికి వచ్చింది. పుట్టింటి పెరట్లో బూరుగుచెట్టు దూదితో కుట్టించిన పరుపొకటి అమ్మ బండిలో వేసి పంపింది. అత్తింట్లో అప్పటిదాకా అన్నీ నులక మంచాలూ బొంతలే. కొన్నాళ్ళకే మొగుడు జగన్నాథం వీపంతా దద్దుర్లు తేలాయి. పరుపు తెచ్చి ఎండలో వేస్తే కుట్లలోంచి ఎర్రటి పురుగులు బయటికొచ్చాయి.

పక్కింటి జగ్గమ్మ చూడనే చూసింది.

"ఓలమ్మా! కోడలు పుట్టింటి నుంచి నల్లులు మోసుకొచ్చింది. తగలెట్టేయ్, దాలమ్మప్పా!"

వీధంతా వినబడింది. చిన్నతల్లి తలుపు చాటుకి పోయి ఏడ్చింది. అసలే అత్తది పెద్ద నోరు.

దాలమ్మ పరుపు పక్కన చతికిలబడి, ఒక పురుగుని అరచేతిలోకి ఎక్కించుకుంది.

"ఒసే, ఇలా రా. ఏటా ఏడుపు? దీని ఈపు సూడు, రెక్కలున్నాయి. నల్లికి రెక్కలుంటాయేటి? ఎండ తగిల్తే నల్లి సందులోకి దూరిపోతాది. ఇదేమో షికారు తిరుగుతన్నాది. బూరుగు గింజల పురుగిది, మనుషుల జోలికి రాదు."

"మరా దద్దుర్లేటి?" అంది జగ్గమ్మ.

దాలమ్మ లేచి మంచాన్ని వాకిట్లోకి ఈడ్చింది. కోడుకీ పట్టెకీ నడుమ చీపురుపుల్ల పెట్టి గీకితే నల్లటి మరకలతోపాటు చదునుగా, గుండ్రంగా నల్లులు రాలాయి. ఒకదాన్ని నలిపి కోడలి ముక్కు దగ్గర పెట్టింది. ఆ కంపుకి చిన్నతల్లి కొంగుతో ముక్కు మూసుకుంది.

"ఇదీ నల్లంటే. మా ఇంటిదే! పిల్ల తేలేదు," అంది దాలమ్మ, జగ్గమ్మ కంటే గట్టిగా.

అత్తాకోడళ్ళిద్దరూ సలసల కాగే నీళ్ళు మంచం సందుల్లో పోశారు. పోస్తూ పోస్తూ దాలమ్మ గొంతు తగ్గించింది.

"నానొచ్చినప్పుడు మాయమ్మ తన పాత కోకలన్నీ కలిపి బొంత కుట్టిచ్చిందే. అందులో ఏదో పురుగు కనబడిందని మాయత్త పెరట్లో కాల్చేసింది. నల్లో కాదో ఎవులూ సూడనేదు. మాయమ్మ పోయాక సూసుకోడానికి గుడ్డపీలికైనా మిగల్నేదు."

చిన్నతల్లి చెంబు మళ్ళీ నింపి అందించింది.

మధ్యాహ్నం పరుపు దులిపి, తెచ్చి అత్త పడుకునే చోట పరిచింది. "మెత్తగుంటే నాకు నిద్రట్టదే," అని విసుక్కుంది దాలమ్మ. విసుక్కుంటూనే నడుం వాల్చి, దీపాలు పెట్టేవేళ దాకా ఒళ్ళెరక్కుండా నిద్రపోయింది.