పలకని ఫోనుకే ఫోన్ చేశారు

బిలాస్‌పూర్ తోర్వా పేటలోని అమ్మన్న ఇంట్లో ఇంటర్నెట్ ఫోను జూన్ నుంచి ఆగస్టు దాకా తొమ్మిదిసార్లు చచ్చింది. కంపెనీ కంప్యూటర్‌లో తొమ్మిది ఫిర్యాదులూ పరిష్కారమైనట్టే ఉన్నాయి.

అమ్మన్నకు అరవై నాలుగేళ్లు. పలాస దగ్గరి ఊరొకటి వదిలి వచ్చిన రైల్వే కుటుంబంలో మూడో తరం. బిలాస్‌పూర్ డివిజన్‌లో ముప్పై ఆరేళ్లు టెలిఫోన్ లైన్లు చూసి రిటైరయ్యాడు. ఇప్పుడు బెల్తరా వైపు ఒక బొగ్గు ప్లాంటులో అదే పని చేస్తున్నాడు. రెండేళ్ల కిందట పక్షవాతంతో భార్య నీలవేణికి కుడిచెయ్యి పడిపోయింది, కుడికాలు ఈడుస్తుంది. సెల్‌ఫోన్ అద్దం మీద ఆమె ఎడమవేలు నిలవదు. ఇంటి ఫోనుకు పెద్ద బటన్లున్నాయి. ఒకటి నొక్కితే అమ్మన్న పలుకుతాడు. ఆ బటన్ పనిచేసినంత కాలమే అతను డ్యూటీకి పోగలడు, ఆమె తన ఇంట్లో ఒక్కతే ఉండగలదు. లేకుంటే రాయపూర్‌లో కూతురు స్వాతి దగ్గరికి పోవాలి. పోనని నీలవేణి తెగేసి చెప్పింది.

మే నెలలో కంపెనీవాళ్లు వీధిలోని రాగితీగ పీకేసి ఫైబర్ తీగ లాగారు. గోడకు ఒక డబ్బా కొట్టి, పాత ఫోను దానికి తగిలించారు. మొదటిసారి డబ్బా బిగుసుకుపోయింది. టెక్నీషియన్ వచ్చి ప్లగ్ పీకి, మళ్లీ పెట్టి పోయాడు. రెండోసారి అవతలి మాట వినిపించింది గానీ ఇవతలి మాట అటు పోలేదు. మూడోసారి డబ్బా తనంతట తానే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని ఇంటి నంబరునే మర్చిపోయింది. హెల్ప్‌లైన్ గొంతు మాత్రం ఎప్పుడూ ఒకటే చెప్పేది, ఆపి మళ్లీ వెయ్యండని.

రాగితీగ రోజుల్లో ఊరంతా కరెంటు పోయినా ఫోను మోగేది, ఎక్స్ఛేంజ్‌లోని బ్యాటరీలు దాన్ని నడిపేవి. ఈ డబ్బా ఇంటి ప్లగ్ మీద బతుకుతుందని అమ్మన్నకు తెలుసు. అందుకే దానికి సొంతంగా బ్యాటరీ కట్టాడు. ఇళ్లకు లైను పంచే, వీధి చివరనున్న కంపెనీ పెట్టె కూడా కరెంటు మీదే నడుస్తుంది, దాని సంగతి మాత్రం చూడలేదు. తన వైపు బ్యాటరీ లేకుండా ఏ ఫోనువాడూ లైను ఇవ్వడని అతని నమ్మకం. సర్వీసంతా అలాంటివాళ్ల మధ్యే గడిచింది మరి.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది, కరెంటు పోయింది. నీలవేణి స్నానాల గది గడప దగ్గర జారి పడింది. పాక్కుంటూ వచ్చి ఫోను కిందికి లాగి ఒకటి నొక్కింది. చప్పుడు లేదు. ఇంకా నొక్కింది. వాన తగ్గాక పక్కింటి ఉషారాణి మేడ మీది నీళ్లు ఊడ్చడానికి ఎక్కి, ఆమె కేక విన్నది. అప్పటికి ఆమె పడి రెండు గంటలైంది.

ఎముకేదీ విరగలేదు. అమ్మన్న వస్తూనే వీధి చివరికి పోయి, పెట్టె తలుపు లాగి చూశాడు. బ్యాటరీ ఉండాల్సిన అర ఖాళీ. అక్కడే నిలబడి సెల్‌లో ఫిర్యాదు పెట్టాడు. ఆ రాత్రంతా కరెంటు రాలేదు.

మర్నాడు కంపెనీ ఆఫీసుకు పోతే, కౌంటర్‌లోని ఆమె ఆ ఫిర్యాదు రాత్రే మూసేశామంది. మూడుసార్లు ఫోన్ చేశారట, కస్టమర్ ఎత్తలేదట. ఏ నంబరుకు చేశారని అడిగితే ఇంటి నంబరే చదివింది.

అమ్మన్న గొంతు తగ్గించి, హిందీలో, ఒక్కో మాటా విడదీసి అడిగాడు. "చచ్చిన ఫోనుకు ఫోన్ చేసి, ఎత్తలేదని మా మీద రాశారా?"

ఆమె మేనేజర్ మీటింగ్‌లో ఉన్నారంది. వీధి పెట్టెలకు బ్యాటరీలు ప్లాన్‌లో లేవంది. అయితే కనెక్షన్ తీసెయ్యమన్నాడు. ఆ కోరిక కూడా ఆ ఫోను నుంచే రావాలట.

ఇంటికొచ్చి, ఇక ఉద్యోగం మానేస్తానని నీలవేణితో అన్నాడు. ఆమెకు అతని కంటే ఎక్కువ కోపమొచ్చింది.

"నాకు కాపలా కూకుంటావేటి? నెల తిరక్కుండా ఒకల్నొకలు కొరుక్కుని సత్తాం. ఊరందరికీ లైనిచ్చినావు. నాకివ్వలేవా?"

అమ్మన్న రెండు రోజులు తుక్కు దుకాణాలు తిరిగాడు. రైల్వే వేలంలో పోయిన పాత గేటు ఫోన్లు రెండు దొరికాయి. లెవెల్ క్రాసింగ్ గేటుమన్ స్టేషన్‌తో మాట్లాడే రకం. పిడి తిప్పితే అవతల గంట మోగుతుంది, మాటకు టార్చిలైటు సెల్లు చాలు. ఒకటి నీలవేణి మంచం పక్కన బిగించి, తీగను గోడ మీదుగా లాగి రెండోదాన్ని ఉషారాణి వంటింట్లో బిగించాడు.

"అచ్ఛా బాబాయ్, మా వంటిల్లు స్టేషనైపోనాదన్నమాట. మరి జెండా కూడా నానే ఊపాలేటి?" అంది ఉషారాణి.

సోమవారం అమ్మన్న డ్యూటీకి పోయాడు. పదకొండింటికి కరెంటు పోయింది. కాసేపటికి వంటింట్లో గంట గట్టిగా మోగింది. ఉషారాణి పిండి చేతులతోనే ఎత్తి, పిన్నీ ఏమైందని అడిగింది.

"ఏటీ నేదే. మోగుతాదో నేదో సూసినాను" అంది నీలవేణి. "పెట్టెయ్, నాకు పనుంది."