అత్తమ్మ ఎడమచేతి రంగులు

అత్తమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను టేకులపల్లి అవతల ఒక గూడెంలో చంటిపిల్లలకు టీకాలు వేస్తున్నాను. కబురు తెచ్చిన మరిదిని నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం ఉంది. ఆవిడ బతికుండగానే రెండుసార్లు నాకు ఇలాంటి కబురు పంపింది. ఒకసారి తిరుమలాయపాలెంలో మా పుట్టింట్లో ఉంటే, మీ అత్తకు ఊపిరి అందుతలేదు జల్దీ రా అని ఫోన్. ఏడ్చుకుంటూ బస్సు దిగి వస్తే, ఆవిడ అరుగు మీద కూర్చుని కాల్చిన కంకి తింటోంది. ఈసారి మాత్రం మరిది మొహం చూశాక నిజమేనని తెలిసింది. చేతిలో ఉన్న టీకా వేసేసి సంచి సర్దుకున్నాను.

మా ఆయనకు గనిలో షిఫ్టులు, నాకు నర్సు ఉద్యోగం మీద ఊళ్ళు తిరగడం. మా వాడిని పెంచింది అత్తమ్మే. అన్నం కలిపి నోట్లో పెట్టేది, చెప్పులు తొడిగేది, ముక్కు తుడిచేది. దేవుడు వేళ్ళెందుకు ఇచ్చాడో వాడికి తెలియకుండా నాలుగేళ్ళు నెట్టుకొచ్చింది.

వాడిని ఊళ్ళో కొత్తగా పెట్టిన ఇంగ్లీషు మీడియం బడిలో ఎల్‌కేజీలో వేశాం. రోజూ ఒక బొమ్మ ఇచ్చి రంగులు వేసుకురమ్మనేవారు. మామిడికాయ, చిలక, నెమలి. ప్రతి పేజీకీ టీచరు స్టారు పెట్టేది. నేను ఆ పుస్తకం సంచిలో వేసుకుని ఊరూరా చూపించాను, మా డాక్టరు గారితో సహా. నిజం చెప్పొద్దూ, అనుమానం రావాల్సింది. చిలక రెక్కకు పట్టుచీర అంచు ఉంది. అత్తమ్మ గోళ్ళలో ఆకుపచ్చ క్రేయాన్ మైనం ఉంది. అడిగితే గోంగూర తెంపానంది. కాకిపిల్ల కాకికి ముద్దు కదా, నమ్మేశాను.

దసరా సెలవులయ్యాక బడిలో తల్లిదండ్రులను పిలిచారు. అత్తమ్మ కూడా కొత్తచీర కట్టుకుని బయల్దేరింది. పిల్లలను ముందు వరసలో కూర్చోబెట్టి తలా ఒక బొమ్మ ఇచ్చారు. మావాడు క్రేయాన్‌ను రోకలి పట్టినట్టు పిడికిట పట్టి కాగితానికి చిల్లి పెట్టాడు. తర్వాత వెనక్కి తిరిగి, అందరూ చూస్తుండగా, క్రేయాన్ వాళ్ళ నాయనమ్మకు అందించాడు.

"నువ్వే వెయ్యి నాయనమ్మా. ఇంట్ల వేస్తవ్ గదా."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. టీచరు చిన్నపిల్ల. నవ్వు ఆపుకుంటూనే గట్టిమాట చెప్పింది.

"పెద్దమ్మా, బొమ్మ మనకెందుకు? వాని వేళ్ళకు బలం రావాలెనని ఇస్తున్నం. చెయ్యి గిట్లనే ఉంటే పెన్సిల్ పట్టలేడు. ఇంకో ఏడాది ఎల్‌కేజీలనే కూసోవాలె."

అత్తమ్మ తల దించుకుంది. పాపం అనుకునేలోపే తలెత్తింది.

"అయితే ఆ స్టార్లన్నీ నాయే గదా బిడ్డా?"

ఇంటికొచ్చాక నేను ఇల్లు పీకి పందిరేశాను. తోటిపిల్లలంతా పై క్లాసుకు పోతే వీడొక్కడూ అక్కడే మిగిలిపోతాడన్నది నా భయం. పసోని వేళ్ళు నొస్తయని వేసిన అంది ఆవిడ. ఆ మాటకు నా కోపం సగం దిగింది. మిగతా సగం అవసరానికి దాచుకున్నాను.

ఆవిడ రంగు ముట్టకుండా ఉండలేదని టీచరుకు అర్థమైనట్టుంది. వేయాలంటే వాడి పక్కన కూర్చుని, వేరే కాగితం మీద, ఎడమచేత్తో వేయమంది. క్రేయాన్లను కూడా ముక్కలు చేయమంది. చిన్నముక్క పిడికిట్లో ఇమడదు, వేళ్ళ కొసలతోనే పట్టాలి. కొత్త సామాను ఎవలన్న విరగ్గొడ్తరా అని అత్తమ్మ సణిగింది. కోడిని కోసేటప్పుడు కూడా ఆవిడ అంత బాధపడగా నేను చూడలేదు.

ఇక సాయంత్రాలు ఇద్దరికీ అదే పని. ఎడమచేతి నెమలి తోక కాగితం దాటి గచ్చు మీదికి పోయేది. వాడు విరగబడి నవ్వి, ఆవిడకు నేర్పడం మొదలుపెట్టాడు. నేర్పాలంటే ముందు తనకు రావాలి కదా. మెల్లగా వాడి పిడికిలి విడింది. రంగు గీత దాటి వాడు ఏడుపు మొహం పెడితే ఆవిడది ఒకటే మాట.

"దాటితే దాటనియ్యి. అడవిల నెమలికి కంచె ఎవడు కట్టిండు?"

శుక్రవారం గడపకు బొట్లు పెట్టే పని కూడా వాడికే అప్పగించింది. మా గడప తట్టు పోసినట్టుండేది. ఇంట్లో నర్సు ఉండి ఏం లాభమని ఇరుగుపొరుగు నన్ను ఆటపట్టించేవారు.

ఏడాది చివర మావాడు సొంతంగా వేసిన మామిడికాయ ఊదారంగులో ఉంది, సగం గీత లోపల, సగం బయట. టీచరు స్టారు పెట్టలేదు, టిక్కు పెట్టింది. అత్తమ్మ ఊరుకుంటుందా? మర్నాడే బడికి పోయి, నాకిచ్చిన వాటిల్నుంచి ఒకటి కొట్టేసి వానికియ్యమని కూర్చుంది. ఇచ్చేదాకా లేవలేదట. వాడు యూకేజీకి పోయాడు.

ఆవిడతో నేను పోట్లాడని రోజు లేదు. ఇప్పుడు ఇల్లు ప్రశాంతంగా ఉంది, నాకేం బాగాలేదు. ఆవిడ ఉండబట్టే నేను నిశ్చింతగా ఉద్యోగం చేసుకున్నాను. ఆ మాట ఆవిడతో అనలేదు. అంటే నెత్తికెక్కేది.

పోయిన చలికాలం ఆవిడ చేతులకు వాపొచ్చింది. ఎండలు ముదిరాక వాపు తగ్గి ఆవిడ మళ్ళీ మామూలుగా తిరిగింది గానీ, ఆ చలిలో మాత్రం వేళ్ళు ముడుచుకునేవి కావు. ఒక పొద్దున మంచం మీద కూర్చుని స్వెట్టర్ గుండీలతో కుస్తీ పడుతోంది. నేను పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చేలోపే, మూడో తరగతికి వచ్చిన మావాడు బడిసంచి కింద పెట్టి ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కింది నుంచి ఒక్కో గుండీ పెట్టుకుంటూ పైకి వచ్చాడు. మెడ దగ్గరి గుండీకి అత్తమ్మ గడ్డం పైకెత్తి, కదలకుండా, బుద్ధిగా కూర్చుంది.